కత్తి కింద నిద్ర

సాసెబో రేవుకి ఎదురుగా రెండు కుర్చీల మంగలికొట్టు మాది.
కిటికీ పక్క కుర్చీ అమెరికావాళ్ళది.
వివక్షేం కాదు, వాళ్ళ కాళ్ళు పొడుగు,
రెండోదాంట్లో కూర్చుంటే మోకాళ్ళు గోడకి కొట్టుకుంటాయి.

అమ్మ పేరు కినుయో.
నలభై ఆరు వసంతంలో తన మొదటి విదేశీ మెడ.
తాతయ్య కత్తి, తాతయ్య తోలుపట్టీ,
అద్దం మాత్రం సగమే,
జూన్ వానలో ఊరు తగలబడిన రాత్రి మిగిల్చిన సగం.
అందులోకి వంగి చూసుకున్నాడు డెల్మర్,
నెబ్రాస్కా కుర్రాడు, పందొమ్మిదేళ్ళు,
మెడనిండా రాగిరంగు మచ్చలు.

మావయ్య ఓడ మునిగి అప్పటికి పద్నాలుగు నెలలు.
ఇంటికి కాగితం వచ్చింది, ఎముక రాలేదు.

నురగ పూసింది. గడ్డం పైకెత్తింది.
గొంతుముడి ఒకసారి కిందికి దిగి పైకొచ్చింది.
అక్కడ ఆగిందట కత్తి.

ఎంతసేపమ్మా అంటే ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది.
"వేళ్ళు కొంకర్లు పోయాయి, అంతే."
సాకే రెండు గుటకలు పడిన రాత్రి మాత్రం
"లెక్కపెట్టాను. ఒకటీ, రెండూ, మూడూ..."
నాలుగు దగ్గర లేచి గిన్నెలు సర్దేది.
ఆ తర్వాతి మాట మాత్రం ఎన్నడూ మారలేదు:
"గుర్రుపెట్టాడే వాడు!
పీక మీద కత్తి పెట్టుకుని
నోరు తెరిచి నిద్రపోయాడు.
నిద్రపోయేవాణ్ణి ఏం చేస్తాం? గడ్డం గీస్తాం."

కూలీగా సిగరెట్లిచ్చాడు. అవిచ్చి అమ్మ బియ్యం తెచ్చింది.
స్నేహమంటే ఒప్పుకునేది కాదు. బేరం అనేది.

నాకు ఇరవయ్యేళ్ళప్పుడు విమానాల ఓడ వచ్చింది.
జనవరి చలి. వంతెన మీద నినాదాలతో నేను.
బాష్పవాయువుకి కళ్ళు పుండ్లై ఇంటికొస్తే
గడ్డాలు కడిగే తొట్లోనే అమ్మ నా ముఖం కడిగింది.
అప్పుడే తలుపు గంట మోగింది. తెల్ల టోపీ నావికుడు.
నన్ను చూశాడు, మూలనున్న నా అట్ట చూశాడు,
బల్లమీద డబ్బు పెట్టి, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.
అమ్మ వీధి చివరిదాకా పరుగెత్తి తిరిగిచ్చేసింది.
"గియ్యని గడ్డానికి డబ్బేంటి" అంది నాతో,
తప్పంతా నాదే అన్నట్టు.

ఇంకో ఏడాది పేపర్లో ఒక అమ్మాయి వార్త.
ఆ నెలంతా కిటికీ పక్క కుర్చీ ఖాళీ.
మేమే ఖాళీగా ఉంచాం.
పక్కనున్న ఆ పెద్ద ఊరి పేరు మాత్రం
ఏ ఏడూ, ఏ భాషలోనూ, మా కొట్లో ఎవరూ ఎత్తలేదు.
ఆగస్టు తొమ్మిదిన కత్తి తియ్యం. అంతే.

సునామీ వచ్చిన ఏడు, ఉత్తరాది నుంచి
ఒక ఓడ తిరిగొచ్చింది.
దిగినవాళ్ళలో ఒకడు తల కడగమన్నాడు.
మూడుసార్లు కడిగినా తొట్టి అడుగున ఇసుక.
ఎవరి ముంగిట తవ్విందో, ఏ గుమ్మం కిందదో.
నేను అడగలేదు, అతను చెప్పలేదు.
నీళ్ళతోపాటు పారబోశాను.
పారబొయ్యాల్సింది కాదేమో అని
ఇప్పటికీ చెయ్యి కడుక్కుంటుంటే తోస్తుంది.

ఇప్పుడు నా చెయ్యి వణుకుతోంది.
కొట్టు ఓడెట్ చూసుకుంటోంది,
ఓహైయో పిల్ల, చేపలబజారు కుర్రాణ్ణి కట్టుకుంది,
మా యాస మాకంటే మొరటుగా మాట్లాడుతుంది.
"సెత్సుగారూ, మెడ వెనక నూగు పెరిగింది, కూర్చోండి" అంది మొన్న.
మొదటిసారి కిటికీ పక్క కుర్చీలో నేను.
కాళ్ళు నేలకి అందలేదు.

వేడి తువ్వాలు. నురగ. తాతయ్య కత్తి, కొత్త సాన.
చల్లగా అంచు ఆనగానే
డెల్మర్ ఎలా పడుకున్నాడా అని ఆశ్చర్యమేసింది.
కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు.
రాలేదని తెలియకూడదని మెల్లగా గుర్రుపెట్టాను.

"బాగా నటిస్తున్నారు" అంది ఓడెట్,
కత్తి ఆపకుండానే.